మా ఇంటి నీలికవచం

మా అమ్మ మా నాన్నను ఏనాడూ కొట్టలేదు. ఈ మాట ముందు చెప్పేసి మిగతాది నెమ్మదిగా చెబుతాను. ఎందుకంటే మా ఊళ్ళో సగం మందికి మా అమ్మ గురించి తెలిసింది ఆ ఒక్కటే. సుందరం మాస్టారి పెళ్ళాం కరుణమ్మ మొగుణ్ణి రోకలి పెట్టి బాదేదని, పాపం ఆయన నోరు విప్పకుండా పడి ఉండేవాడని పెళ్ళి భోజనాల్లో, షేర్ ఆటోల్లో చెప్పుకుని నవ్వుకున్నారు. అమ్మ వెళ్ళిపోయింది. ఆ కథ వెళ్ళలేదు. దాన్ని కూడా సాగనంపుదామనే ఇది రాస్తున్నాను. ఇందులో మా నాన్న పరువు కొంచెం పోతుంది, నాది ఇంకాస్త ఎక్కువ పోతుంది. పోనివ్వండి. మా ఇద్దరి పరువూ ఇన్నేళ్ళు మోసింది ఆవిడే.

అమ్మ జ్ఞాపకార్థ కూడిక మా ఊరి చర్చి ఆవరణలోనే పెట్టాం. కొవ్వూరు నుంచి కాలువ గట్టు వెంబడి వస్తే తగిలే చిన్న ఊరు మాది. ప్రార్థన అయ్యాక షామియానా కింద భోజనాలు మొదలయ్యాయి. మా మేనత్త కొడుకు ప్రసాదు బావ విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి "చాలయ్యా, చాలు" అంటూనే ఇంకో రెండు ముక్కలు వేయించుకుని, బంతిలో అందరికీ వినబడేలా అన్నాడు: "మావయ్య ముందెళ్ళి ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నాడు. ఇప్పుడు అత్తయ్య కూడా బయల్దేరింది కదా, పాపం అక్కడ ఎక్కడ దాక్కున్నాడో ఏంటో!" బంతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ మాటకి నవ్వడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, నవ్వానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గర మా చెల్లెలు సువార్త నిలబడి ఉంది. చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోస్తూ, "నువ్వూ నవ్వావా అన్నయ్యా?" అంది. కోప్పడలేదు. అడిగింది, అంతే. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. ఆ నీళ్ళ కింద నుంచి వాటిని తీయలేకపోయాను.

ఆ రోకలి కథ ఎక్కడ పుట్టిందో ఆ ఆవరణలో తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

మా నాన్న ఊళ్ళో ఎయిడెడ్ ఎలిమెంటరీ బడికి హెడ్మాస్టరు. ఆదివారాలు సండే స్కూలు కూడా ఆయనే చూసేవారు. సన్నటి మనిషి. ఆయన దగ్గరికి వెళితే కొబ్బరినూనె, సుద్దముక్క కలిసిన వాసన వేసేది. పుస్తకాల సంచిలో బొమ్మల పుస్తకాలు కనబడితే లాగేసుకోవాలని బడి మేనేజరు గారి గట్టి ఆజ్ఞ. అన్నిటికంటే ఎక్కువగా దొరికేది నీలికవచం. నెలకో పుస్తకం వచ్చేది. అందులో వీరుడు నీలంరంగు కవచం తొడుక్కుని ఆకాశంలో ఎగురుతాడు, కూలిపోయే మేడలని భుజంతో ఆపుతాడు, దుర్మార్గుల తాట తీస్తాడు. మా నాన్న ప్రార్థన సమయంలో నిలబడి, "ఈ చెత్త చదివితే బుర్ర పాడైపోతుంది" అని చెప్పి, సంచులు వెతికి, దొరికిన పుస్తకాలు పట్టుకుపోయేవారు. పిల్లలు ఏడ్చేవాళ్ళు. వేసవి సెలవులిచ్చే రోజున ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేసేవారు, ఒక్క కాగితం మడత పడకుండా. ఈలోపు అవి ఎక్కడుండేవో బడిలో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో నల్ల ట్రంకు పెట్టెలో ఉండేవి. పొద్దున్న బుర్రలు పాడవుతాయని చెప్పిన మనిషి, సాయంత్రం సైకిలు దిగీ దిగగానే, చొక్కా అయినా విప్పకుండా, పెరట్లో బాదంచెట్టు కింద నిలబడి ఆ చెత్తని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివేవారు. ఒకరోజు అమ్మ చూసేసింది. "ఏవండీ, పిల్లల దగ్గర లాక్కొచ్చి మీరు చదువుతారా? సిగ్గులేదూ?" అని, ఆ పుస్తకం ఆయన చేతిలోంచి లాక్కుంది. లాక్కుని, నిలబడే చదవడం మొదలుపెట్టింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

అలా మొదలైంది మా ఆదివారం మధ్యాహ్నాల సంగతి. చర్చి నుంచి రాగానే తెల్లబట్టలు విప్పి దండెం మీద వేసేవాళ్ళం. కోడికూర, పప్పుచారు. తిన్నాక సబ్బు పెట్టి చేతులు కడుక్కోవాలి, తువ్వాలుతో తుడుచుకోవాలి, ఎవరి చేతికైనా కూర వాసన ఉంటే మళ్ళీ కడుక్కోవాలి. "పరాయి పిల్లాడి వస్తువర్రా ఇది. పసుపు మరక పడిందంటే నా ఉద్యోగం మీదికొస్తుంది" అనేవారు నాన్న. అప్పుడు ట్రంకు తెరిచేవారు. లోపల కలరా ఉండల వాసన. వసారాలో పాతచీర పరిచి, పుస్తకం మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్ళం. ఒక్కరే చదివితే మిగతావాళ్ళు పక్కనుంచి ముందుకి తొంగిచూసి కథ చెప్పేస్తున్నారని, వేషాలు పంచుకున్నాం. బొమ్మల మధ్యలో కథ చెప్పే మాటలు నావి. భయపడి పారిపోయే జనం అందరూ మా చెల్లెలు. దానికి నిండా ఏడేళ్ళు లేవు, ఊరంతా ఒక్కతే అయి ఏడ్చేది. దుర్మార్గుడి వేషం నాన్నది. "పిల్లల చేత చెడ్డమాటలు పలికించకూడదు, ఆ పాపమేదో నేనే మోస్తాను" అనేవారు కానీ, ఆ వేషం ఆయనకి ఎంత ఇష్టమో మాకు తెలుసు. మా మామ్మకి చదువు రాదు, చూపూ సరిగ్గా ఆనదు. "నాకేం ఇవ్వర్రా?" అని అలిగితే, చప్పుళ్ళన్నీ ఆవిడకిచ్చాం. మూలనున్న రోకలి తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకునేది. నేను "గుద్దు" అనగానే రోకలి ఎత్తి మట్టినేల మీద ధన్‌మని వేసేది. కొన్నిసార్లు నేను అనకముందే వేసేసేది. "మామ్మా, ఇంకా కొట్టలేదు!" అంటే, "కొడతాడుగా, వాడి మొహం చూస్తే తెలీట్లా?" అనేది, ఆ మొహం ఆవిడకి కనబడకపోయినా.

నీలికవచం మా అమ్మ.

మామూలుగా మా అమ్మ గొంతు ఎవరికీ వినబడేది కాదు. చర్చిలో కీర్తన కూడా పెదవులతోనే పాడేది. నాన్న కోసం ఎవరైనా వస్తే తలుపు చాటు నుంచి మాట్లాడేది. ఆ మనిషి మొదటిసారి నీలికవచం మాటలు చదివినప్పుడు నెమ్మదిగానే చదివింది. "అలా అంటే వాడు భయపడతాడా? మందుల చీటీ చదివినట్టుంది" అని వెక్కిరించారు నాన్న. అమ్మ కొంగు నడుముకి బిగించింది. ఊపిరి తీసుకుంది. "ఆగరా తుప్పూ! నేనుండగా ఒక్క మేకు కూడా రాలదు!" అంది. వసారా చూరు మీద పిచ్చుకలు లేచిపోయాయి. మా చెల్లెలు నిజంగానే ఏడ్చింది. నాన్న నోరు తెరుచుకుని అమ్మ వంక చూస్తూ, తన మాట చదవడం మర్చిపోయారు.

తుప్పు అంటే డాక్టర్ తుప్పు. నీలికవచానికి పెద్ద శత్రువు. వాడు ఊదితే చాలు, ఎంత లావు ఇనుమైనా తుప్పుపట్టి పొడిపొడిగా రాలిపోతుంది. రైళ్ళు, యంత్రాలు, వంతెనలు, అన్నీ. "వంతెనలంటే మనదీనా నాన్నా?" అని చెల్లెలు అడిగితే, "మనది కాకపోతే ఇంకెవరిదే? ముందు కొవ్వూరు వంతెన, తర్వాతే మిగతావి" అన్నారు నాన్న దుర్మార్గుడి గొంతుతో. ఆ తర్వాత రాజమండ్రి వెళ్ళేటప్పుడల్లా రైలు కిటికీ ఊచలు పట్టుకుని వంతెన కమ్ముల మీద ఎర్రటి మచ్చల కోసం వెతికేవాళ్ళం. కనబడేవి. కింద గోదావరి, పైన తుప్పు. చెల్లెలు అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునేది. అమ్మ దాని చెవిలో, "నేనున్నాను కదే" అనేది. అది ఆట అని నాకు తెలుసు. అయినా వంతెన దాటేదాకా నాకూ ఆ మాటే ధైర్యం.

మాకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. బడిలో ఎవరో ఒకరు పట్టుబడితే కానీ మాకు తర్వాతి పుస్తకం రాదు. "వెంకటేశు సంచిలో కొత్తది ఉంది నాన్నా, లెక్కల పుస్తకం అట్టలో దాచాడు" అని మా చెల్లెలు అన్నం తింటూ ఉప్పందించేది. నాన్న విననట్టు మజ్జిగ పోసుకునేవారు. మర్నాడు వెంకటేశు ఏడుస్తూ ఇంటికి వెళ్ళేవాడు. తప్పా అంటే తప్పే. నేను కాదనను. మా ఇంటి సంతోషంలో వెంకటేశు ఏడుపు ఉంది.

అసలు గొడవ ఒక వానాకాలం ఆదివారం జరిగింది. ఆ నెల పుస్తకంలో నీలికవచానికీ డాక్టర్ తుప్పుకీ పెద్ద యుద్ధం. పేజీ తిప్పితే గుద్దు, పేజీ తిప్పితే గుద్దు. మామ్మ రోకలి ఆగడం లేదు. అమ్మ నిలబడి చదువుతోంది. పుస్తకంలో డాక్టర్ తుప్పుకి "ఆఁ" అన్న అరుపే ఉంది, నాన్నకి అది చాలలేదు. "అమ్మో, నా నడుం! చచ్చాన్రా దేవుడా! బుద్ధొచ్చింది, వదిలెయ్ తల్లీ!" అని వసారా అంతా దొర్లారు. మేం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. గోడ అవతల ఇల్లు సంతోషమ్మ గారిది. ఆవిడకి మా నవ్వులు వినబడలేదో, పిల్లల ఏడుపనుకుందో తెలియదు. రోకలి చప్పుడు, మా అమ్మ గర్జన, మా నాన్న ఆర్తనాదం మాత్రం బాగా వినబడ్డాయి. అంతటితో పోయేదేమో. మర్నాడు పొద్దున్న నాన్న కాలువ రేవు మెట్ల మీద నాచుకి కాలుజారి పడ్డారు. నడుం పట్టేసింది. ఒంటికి తైలం రాసుకుని, గోడ పట్టుకుని, బడికి వంగి నడుచుకుంటూ వెళ్ళారు. ఊరికి ఇంకేం కావాలి?

రెండు రోజులు గడిచాక సంఘ పెద్దలు మా ఇంటికి వచ్చారు. భార్యాభర్తల మధ్య తగువులొస్తే ఇంటికొచ్చి ప్రార్థన చేసి సర్దిచెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. వచ్చిన వాళ్ళలో ఆశీర్వాదం గారు పెద్దాయన. భారీ మనిషి. కుర్చీ చాలదని ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు. నేనూ చెల్లెలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒక కీర్తన పాడారు. వాక్యం చదివారు, భార్య భర్తకి లోబడి ఉండాలన్నది. తర్వాత ఆశీర్వాదం గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా కరుణా, ఆదివారం మీ ఇంట్లో ఏం జరిగిందమ్మా?"

అమ్మ నవ్వేసింది. నవ్వుతూనే, "అయ్యో, అదాండి! అది..." అని నాన్న వైపు చూసింది. నాన్న మొహంలో నెత్తురు లేదు. ఆయన చూపు ఆశీర్వాదం గారి కింద ఉన్న పెట్టె మీద ఉంది. ఆ పెద్దాయన మనవడి పుస్తకం కూడా అందులోనే ఉంది. బడిపిల్లల దగ్గర లాక్కున్న బొమ్మల పుస్తకాలు హెడ్మాస్టరు ఇంటికి తెచ్చుకుని, పెళ్ళాంబిడ్డలతో వేషాలు కట్టి, అదీ ఆదివారం పూట, చదువుకుంటున్నాడని తెలిస్తే బడిలో మొహం ఎలా ఎత్తుకుంటాడు? మేనేజరు ఊరుకుంటాడా? అమ్మ నవ్వు ఆగిపోయింది.

"నా నోరు కాస్త పెద్దదండి. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను" అంది.

"నోరు సరే, చెయ్యి మాటేంటమ్మా?"

"అదీ ఉంటానండి."

మూలనుంచి మామ్మ, "రోకలి నాదయ్యా, దాన్ని అంటారేంటి?" అంది. ముసలావిడ కోడల్ని వెనకేసుకొస్తోందని పెద్దలు ముచ్చటపడ్డారు. ఆశీర్వాదం గారు నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వు చెప్పు బాబూ. అమ్మ నాన్నగారిని కొడుతుందా?" అని అడిగారు. నేను పెట్టె వంక చూశాను, నాన్న వంక చూశాను, నేల చూపులు చూశాను. పిల్లాడు తల్లికి భయపడుతున్నాడనుకుని ఆయన నా తల నిమిరారు.

ఆ పిల్లాణ్ణి నేను తప్పుపట్టను. వాడి వయసు అది. నేను తప్పుపట్టేది మీసాలొచ్చాక కూడా నోరు విప్పని వాణ్ణి. ఉద్యోగంలో చేరాక పదిమందిని నవ్వించడానికి నాకు దొరికిన కథ అదే. "మా అమ్మ అంటే మా ఊళ్ళో హడల్ అండి, మా నాన్న రోకలి చూస్తే వణికేవాడు" అని ఆఫీసు పిక్నిక్కుల్లో చెప్పాను. నా పెళ్ళిలో అత్తగారి తరఫు వాళ్ళకి చెప్పాను. నిజం ఇంకా బాగుంటుంది కదా, అది చెప్పొచ్చు కదా అంటారేమో. నిజం చెబితే మా నాన్న చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు చదివేవాడని చెప్పాలి. అది నాకు నామోషీగా ఉండేది. అమ్మ గయ్యాళి అని చెప్పుకోవడం మాత్రం నామోషీ అనిపించలేదు. నా సిగ్గు అక్కడుంది. ఒకసారి అమ్మ ఎదురుగానే చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసులు అందిస్తూ, అందరితో పాటు నవ్వి, లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దలు వచ్చి వెళ్ళిన తర్వాతి ఆదివారం కూడా మేం చదివాం. కానీ వీధి తలుపు వేశాం, కిటికీలు మూశాం. మామ్మ రోకలికి పాత దుప్పటి చుట్టాం. నీలికవచం గుసగుసగా మాట్లాడింది. "ఆగరా తుప్పూ" అని మా అమ్మ చెవిలో చెప్పినట్టు అంటే, నాన్న "చచ్చాను" అని అంతకంటే మెల్లిగా అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు. చెల్లెలు, "గట్టిగా అనమ్మా, వాడు ఆగట్లేదు" అంది. అమ్మ పుస్తకం మూసి, నిద్రొస్తోందని చెప్పి లేచిపోయింది.

ఆ వారం నాన్న ఆ ట్రంకు సైకిలు వెనక కట్టుకుని బడికి తీసుకెళ్ళారు. వేసవి సెలవులకి ఇంకా ఎన్నో నెలలున్నాయి. ఎవరి పుస్తకాలు వాళ్ళకి ఇచ్చేశారు. మళ్ళీ ఏ పిల్లాడి సంచీ వెతకలేదు. మేనేజరు గారు అడిగితే, "మా బడిలో ఎవరూ తేవట్లేదండి" అని చెప్పారట, వెనక బెంచీలో నలుగురు కలిసి నీలికవచం చదువుకుంటూ ఉండగా. ఊళ్ళో నిజం చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఆయన చేయగలిగింది అది చేశారు. దాంతో మా ఇంటికి పుస్తకాలు రావడం ఆగిపోయింది. ఆ యుద్ధం ఎలా ముగిసిందో మాకు తెలియదు. కొనుక్కోవచ్చు కదా అని నేనడిగాను. "వద్దులే. ఇంక మీ అమ్మ చదవదు" అన్నారు నాన్న. చదవలేదు. ఆ గొంతుని నేను మళ్ళీ వినలేదు.

ఇప్పుడు మా ఇళ్ళలో పిల్లలు వీరుల సినిమాలు ఫోన్లో చూసుకుంటారు, ఎవరి చెవుల్లో వాళ్ళు వైర్లు పెట్టుకుని. ఒకడు ఎందుకు నవ్వాడో పక్కవాడికి తెలియదు. అలాగని ఆ రోజులే బాగుండేవని నేను అనబోవడం లేదు, నాచేత ఎవరూ అనిపించలేరు. ఒక ఇల్లాలు తన వసారాలో, తన పిల్లల మధ్య గొంతెత్తితే, మొగుణ్ణి కొడుతోంది కాబోలని నలుగురు పెద్దమనుషులు చెప్పులేసుకుని బయల్దేరిన రోజులవి. ఆ పెద్దమనుషుల్లో ఎవరికీ మరో కారణం తోచలేదు. ఆడమనిషి ఆనందంతో అరుస్తుందన్నది వాళ్ళ ఊహకి అందలేదు. బొమ్మల పుస్తకాలు చదివితే బుర్రలు పాడవుతాయన్న వాళ్ళకి కూడా ఒకటి చెబుతాను. మా నాన్న లోపలి పిల్లాణ్ణీ, మా అమ్మ లోపలి వీరుణ్ణీ నేను చూసింది ఆ పుస్తకాల పుణ్యమే. ఏ మంచి పుస్తకమూ నాకు వాళ్ళని అలా చూపించలేదు.

ఇక డ్రమ్ము దగ్గరికి వస్తాను. చెల్లెలి చేతిలోంచి చెంబు తీసి పక్కన పెట్టాను. చేతులు తుడుచుకోకుండానే షామియానా కిందికి వెళ్ళాను. ప్రసాదు బావ పెరుగన్నం కలుపుకుంటున్నాడు. ఆశీర్వాదం గారు బాగా పెద్దవారైపోయారు, మనవడి పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. సంతోషమ్మ గారు గోడవార చాప మీద కూర్చుని నెమ్మదిగా తింటోంది. నేను నిలబడి, "మా అమ్మ మా నాన్నని కొట్టలేదు" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. తర్వాత అంతా చెప్పాను. బాదంచెట్టు, ట్రంకు, వెంకటేశు, రోకలి, నాచు పట్టిన మెట్లు, అన్నీ. "మీరు కూర్చున్న పెట్టెలోనే ఉన్నాయండి" అని ఆశీర్వాదం గారితో కూడా చెప్పాను. ఆయన మనవడు, ఇప్పుడు తలపండిన మనిషి, "అయితే నా పుస్తకం మీరంతా చదివేశారా!" అన్నాడు.

ప్రసాదు బావ చెయ్యి విస్తట్లోనే ఉండిపోయింది. "ఎందుకు బావా ఇప్పుడీ గొడవ? సరదాకి అన్నాను" అన్నాడు.

"నేనూ సరదాకే అన్నాను బావా, పాతికేళ్ళ పాటు. ఇక చాలు" అన్నాను.

సంతోషమ్మ గారు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసింది. "మరి ఆ దెబ్బల చప్పుడో?"

"మా మామ్మ రోకలండి. నేల మీద."

ఆవిడ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది. "మాస్టారు చచ్చిపోతాడేమోనని భయపడి చెప్పానయ్యా" అంది. తర్వాత, పిల్ల అడిగినట్టు, "ఆఖరికి ఎవరు గెలిచారు?" అంది.

"తెలియదండి. ఆ తర్వాతి పుస్తకం మా ఇంటికి రాలేదు."

"ఆగరా తుప్పూ!"

నా వెనకనుంచి వచ్చింది ఆ అరుపు. మా చెల్లెలు సువార్త కొంగు నడుముకి బిగించి, తడిచేతులతో, షామియానా గుంజ పక్కన నిలబడి ఉంది. యాభైకి దగ్గరపడిన మనిషి, బ్యాంకులో ఆఫీసరు, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినని మనిషి. "నేనుండగా ఒక్క మేకు కూడా రాలదు!" అంది. అది మా అమ్మ గొంతే. చూరు మీద పిచ్చుకల్ని లేపిన గొంతే. వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. ఎవరో చిన్నపిల్ల చెవిలో వైరు పీకేసి అటు చూసింది. ఆశీర్వాదం గారు కర్ర పట్టుకుని కుర్చీలో నిటారుగా అయ్యారు.

చెల్లెలు నా వైపు చూస్తూ ఆగింది. తర్వాతి మాట ఎవరిదో నాకు గుర్తుంది. ఇస్త్రీ చొక్కాతో, ఊరి పెద్దలందరి ముందు, చర్చి ఆవరణ మట్టిలో పడి దొర్లాను. కాలువ అవతలి గట్టుకి వినబడేలా అరిచాను.

"అమ్మో, నా నడుం! బుద్ధొచ్చింది, వదిలెయ్ తల్లీ!"